సవరణ: పాడవుతున్న హార్డ్ డిస్కుపై చెక్‌డిస్క్ నడపవద్దు

పాడవుతున్న హార్డ్ డిస్కుపై ముందు చెక్‌డిస్క్ (డిస్కులో లోపాలు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడిపి, తర్వాత ఫైళ్లు కొత్త డిస్కుకు మార్చుకోమని నిన్న రాశాను. అది తప్పు, క్షమించండి. చెడ్డ సెక్టార్లను (డిస్కులో డేటా ఉండే చిన్న చిన్న భాగాల్లో పాడైనవాటిని) వెతికే చెక్‌డిస్క్ ఆ పాత డిస్కు మీదే మార్పులు రాస్తుంది. కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ శ్రమకు పూర్తిగా ఆగిపోవచ్చు. ముందు కాపీ. మరమ్మతు తర్వాత, అదీ కాపీ మీదే.

లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ ఇందుకే ఉంది. సులువుగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొరాయించే సెక్టార్ల దగ్గరికి చివర్లో వస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు ఆదేశంలో తప్పక ఇవ్వండి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. ఆదేశంలో పాత డిస్కు ముందు, కొత్తది తర్వాత. తారుమారైతే మీ ఫొటోలన్నీ చెరిగిపోతాయి, దయచేసి రెండుసార్లు చూసుకోండి.

డిస్కు టక్‌టక్‌మని చప్పుడు చేస్తుంటే ఇది కూడా వద్దు. వెంటనే ఆపేసి డేటా రికవరీ నిపుణులకు ఇవ్వండి.