పులిహోరకు 32 నొక్కులు

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది మొదలు, మనం ఏం చూడాలో ప్రభుత్వమే తేల్చేది. అదొక చీకటి యుగం. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వేళకు వీధిలో మనిషి కనిపించేవాడు కాదు. నచ్చని పాట వస్తే అప్పుడే లేచి మంచినీళ్లు తాగి రావాలి, అంతకు మించి హక్కుల్లేవు. అంత నిర్బంధంలో పెరిగినవాళ్లం కాబట్టే, టీవీలోకి యూట్యూబ్ వచ్చిన రోజున మా ఇంట్లో ఆగస్టు పదిహేనంత సంబరం.

స్వాతంత్ర్యం ఊరికే రాదు కదా. నొక్కాలి.

మొన్న ఆదివారం అమ్మ పులిహోర వీడియో పెట్టమంది. మా టీవీ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరసకు ఏడు. మొదటి గడిలోని ఏ నుంచి పీ దాకా రిమోట్ బాణాలతో మూడు నొక్కులు. అక్కణ్ణుంచి కుడివైపు ఐదు నొక్కితే యూ. ఎల్ కోసం మళ్లీ పైకెక్కాలి. చివర్న ఆర్ నుంచి ఏకి ఎడమకు మూడు, పైకి రెండు. మొత్తం 24 బాణాలు, 8 ఓకేలు. నవగ్రహాల చుట్టూ కూడా ఇన్ని తిరగం.

మైకు ఉంది కదా అంటారు. ఉంది. నేను "పులిహోర" అన్నాను, అది "పులి" దాకా విని ఆగిపోయింది. అడవిలో పులి జింకను తరుముతోంది. అమ్మ దాన్నే కాసేపు చూసి "పాపం, బక్కచిక్కిన జింక" అంది.

అసలు మా టీవీ లెక్క ప్రకారం ఇంట్లో ఉన్నది ఒక్కడే మనిషి. వాడికి మోకాళ్ల నొప్పులు. జేసీబీ బొమ్మలంటే ప్రాణం. రోజూ తెల్లవారుజామున కార్తీక పురాణం వింటాడు, మధ్యాహ్నం జాకెట్టు మెడ డిజైన్లు చూస్తాడు, షాద్‌నగర్ వైపు ప్లాటు కొనే ఆలోచనలో ఉన్నాడు. అలాంటివాడికి ఏం చూపించాలో తెలియక పాపం అదీ సతమతమవుతోంది. నలుగురికీ నాలుగు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చట. రేషన్ కార్డులో పేరు ఎక్కించడానికే ఓపిక లేనివాళ్లం.

ఫోన్‌లో ఉన్నది టీవీలో చూపించడం ఇంకో గొప్ప సౌకర్యం. బావగారు తన గృహప్రవేశం వీడియో అలాగే పెట్టారు. పాలు పొంగే ఘట్టంలో, సరిగ్గా పాలగిన్నె మీదుగా, "మీ ఖాతాలో తగినంత నిల్వ లేనందున ఈఎంఐ చెల్లింపు విఫలమైంది" అని 43 అంగుళాల్లో దిగింది. ఇల్లు బాగుందని అందరం ఒక్కసారే అన్నాం.

ఆ ఆదివారం పులిహోర చివరికి దొరికింది. అది అయ్యాక అన్నవరం ప్రసాదం, ఆ తర్వాత ఏదో గుడి గోపురం, ఒకదాని వెనక ఒకటి దానంతటదే ఆడుతూ పోయింది. అమ్మ కుర్చీలోనే కునుకు తీసింది. కాసేపటికి బొమ్మ ఆగి, ఇంకా చూస్తారా అని తెర మీద ప్రశ్న. గట్టిగా చదివి వినిపించాను.

"చూస్తున్నానురా, కళ్లు మూసుకుని వింటున్నాను" అంది అమ్మ. ముప్పై ఏళ్లుగా ఇదే జవాబు. అడక్కుండా టీవీ కట్టేసే అలవాటు మా నాన్నది. ఆయన వైపు ఒకసారి చూసి, "దానికున్న మర్యాద చూడండి" అంది.