గింజ గుచ్చితే ఆగుతుందా నలుపు?

అమెరికాలో జులై 4 స్వాతంత్ర్య దినం కుకౌట్, అంటే ఆరుబయట వంటల విందు, వస్తే చాలు, ఆ పొద్దునే రాయిలాంటి అవకాడోలు కొనుక్కొచ్చి మధ్యాహ్నానికి గ్వాకమోలీ, అదే అవకాడో గుజ్జు పచ్చడి, కావాలంటారు. ఎలా అవుతుందండీ? కాగితం సంచిలో అరటిపండుతో పెట్టినా రెండు మూడు రోజులు పడుతుంది. మైక్రోవేవ్‌లో మెత్తబడుతుంది గానీ పండదు, పైగా చేదెక్కుతుంది. ఇక గ్వాకమోలీ నల్లబడకుండా గిన్నె మధ్యలో అవకాడో గింజ గుచ్చడం ఒకటి! గింజ కప్పినంత మేరే పచ్చగా ఉంటుంది, చుట్టూ నల్లబడే తీరుతుంది. గాలి తగలకూడదు, అదీ సంగతి. మూడు కాయలకు రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి, ప్లాస్టిక్ రేపర్‌ని గిన్నె అంచుకి కాదు, గుజ్జుకే అంటుకునేలా నొక్కాలి. టమాటా గింజలు తీయకుండా ముందే ఉప్పేసి కలిపేస్తే నీళ్లూరి జావైపోతుంది. ఇంత చేశాక ఎండలో మూత తీసి వదిలేసేవాళ్లకి ఏం చెప్పాలి? ఆ గిన్నె కింద కాస్త ఐసన్నా పెట్టండి మహాప్రభో!