మహారాజశ్రీ మా ఊరి నీటి కమిటీ గారికి

మహారాజశ్రీ గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ బోరు మోటారు తప్ప అందరం క్షేమం.

మీరు మా ఊళ్లోనే ఉన్నారని మొన్ననే తెలిసింది. మోటారు కాలిందని పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, "పథకం ఊరిదమ్మా, కమిటీ చూసుకోవాలి" అన్నారు. ఆ కమిటీ ఎవరని రిజిస్టరు తెరిపిస్తే నాలుగో పేరు నాదే! సంతకం కూడా ఉంది. నాకన్నా గుండ్రంగా పెట్టారు.

సభ్యురాలిని కాబట్టి చనువుగా అడుగుతున్నా. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో మీ హోదా మామూలుది కాదు. పది, పదిహేను మంది సభ్యులు, సగం మంది ఆడవాళ్లు. ఊరి ప్రణాళిక మీరే రాయాలి, నీటి పన్ను మీరే తేల్చాలి, ఊళ్లో పనుల ఖర్చులో 10 శాతం జనం దగ్గర రాబట్టాలి. మరి బోరు ఎక్కడ వెయ్యాలో తేల్చిన రోజు ఎక్కడికెళ్లారు? చెరువు కట్ట కింద వెయ్యమని మా ముసలాళ్లు మొత్తుకుంటే, "ఎస్టిమేట్ అయిపోయింది" అన్నారు. పెళ్లికి పిలవలేదు గానీ పెళ్లి అప్పు తీర్చేటప్పుడు మేం దగ్గర చుట్టాలం.

సర్కారు తప్పుకోవాలని కాదు నా గోల. వాల్వు తిప్పడం, నెలనెలా వసూళ్లు, ఆపరేటర్ జీతం మేం చూసుకుంటాం. మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ మాత్రం చందాలతో పోయేది కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే జబ్బును గుర్తించింది 1937లో! దూరం నుంచి మంచి నీళ్లు ట్యాంకు దాకా తెచ్చే పని సర్కారుదే. మిషన్ గడువేమో 2024 నుంచి 2028కి జరిగింది. మనిషికి రోజుకు 55 లీటర్లు అన్న మాట అలాగే ఉంది. ఈలోగా మేం టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నాం.

నీటి పరీక్షకు అయిదుగురు ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వాలట. కిట్టు వచ్చింది, అట్టపెట్టె కూడా విప్పలేదు. పరీక్షలో తేడా వస్తే ఎవరికి చెప్పాలని అడిగాను. కమిటీకట. అంటే నాకే.

రేపు సాయంత్రం రామాలయం దగ్గర మీటింగ్ పెట్టాను. రిజిస్టరు చూసి అందరికీ కబురంపాను. తొమ్మిదో నంబరు పిల్ల పెళ్లయి బెంగళూరు వెళ్లి మూడేళ్లయింది, పోయిన నెల తీర్మానంలో ఆమె సంతకం ఉంది. తమరు కూడా దయచేస్తే మొహం చూసినట్టుంటుంది.

ఇట్లు,
వరుస సంఖ్య 4