పెండింగ్ గారికి ఒక పోస్ట్‌పెయిడ్ కస్టమర్ రాసుకున్న లేఖ

మహారాజశ్రీ పెండింగ్ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని తెలుసు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నా ఫోన్లోనే కదా మకాం. పసుపు రంగు గడియారం బొమ్మ వేసుకుని, పండక్కొచ్చిన కొత్తల్లుడిలా కదలకుండా కూర్చున్నారు.

నేను చేసిన నేరమల్లా ఫోన్ బిల్లు కట్టడం. 399 ప్లాను, 18 శాతం జీఎస్టీతో 470 రూపాయల 82 పైసలు, ఆపైన యాప్ వాడి ప్లాట్‌ఫాం ఫీజు 3 రూపాయలు (నేను ఏ ప్లాట్‌ఫాం మీదా నిలబడలేదు, మంచం మీదే ఉన్నాను, అయినా సరే). పిన్ కొట్టగానే డబ్బు కట్ అయిందని బ్యాంకు మెసేజ్ టింగుమంది. కట్ అవడానికి మాత్రం ఏ సర్వరూ డౌన్ అవదు. బిల్లు కట్టినట్టుందా అని చూస్తే, తమరు.

ఫెయిలైతే ఫెయిలని చెప్పొచ్చు కదండీ! ఫెయిలైనవాడు సప్లిమెంటరీ రాసుకుంటాడు. పాసైతే అన్నం తిని పడుకుంటాడు. మీరు అదీ కాదు, ఇదీ కాదు. మళ్లీ కడదామంటే రెండుసార్లు పోతాయేమోనని భయం, కట్టకపోతే ఇవాళే ఆఖరు తేదీ, రేపు లేటు ఫీజు. స్క్రీన్ కిందకి లాగడం, వదలడం, మళ్లీ లాగడం. ఎండిపోయిన బావిలో చేద వేసి తోడినట్టుంది నా మధ్యాహ్నం.

కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతికితే ఒకాయన దొరికాడు. ఎంత మర్యాదో! "రీఫండ్ పంపిస్తున్నాను సార్, ఒక్కసారి పిన్ కొట్టండి" అన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎందుకురా, అది పోవడానికి కదా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్తానుండు అనేసరికి పెట్టేశాడు. రోజంతటిలో నన్ను సార్ అన్నది ఆ దొంగ ఒక్కడే.

ఆటోపే పెట్టుకో అన్నాడు తమ్ముడు. అడిగి తీసుకున్నవాళ్లే ఇలా ఉంటే, అడక్కుండా తీసుకునేవాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

ఇక మర్యాద చాలు. నువ్వేం కొత్తవాడివా? తాతయ్య పొలం కాగితాల మీద పదేళ్లు కూర్చుంది నువ్వే కదా, అప్పుడు దుమ్ము పట్టిన కట్టలో ఉండేవాడివి, ఇప్పుడు రంగేసుకుని వచ్చావు. ఇలా కంపెనీకి కట్టిన డబ్బు కట్ అయి అవతలికి చేరకపోతే ఐదు రోజుల్లో వెనక్కి రావాలని, ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు పరిహారమని రిజర్వ్ బ్యాంకు 2019లోనే రాసిపెట్టింది. నీకూ తెలుసు. అందుకే ఐదో రోజు సాయంత్రానికి ఏదో ఒకటి తేలుస్తావు, ఆరో రోజు దాకా ఛస్తే ఉండవు.

ఇదంతా వింటున్న నాన్న ఈసేవ రోజులు మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో లైన్లో నిలబడేవాడట, డబ్బిచ్చేవాడట, రసీదు చేతికొచ్చేదట, అంతేనట. ఎప్పుడూ ఈ కథకు నవ్వేవాణ్ని.

సాయంత్రం ఏడింటికి వీధి చివర మొబైల్ షాపుకెళ్లి నోట్లిచ్చి కట్టొచ్చాను. పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు, తీసుకోనీ, టీ తాగించాడు, రసీదిచ్చాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే టింగ్. పచ్చ టిక్కు. పేమెంట్ సక్సెస్. పైగా ఒక స్క్రాచ్ కార్డు. గీకితే, బెటర్ లక్ నెక్స్ట్ టైమ్.

ఇట్లు,
ఒకే నెల బిల్లు రెండుసార్లు కట్టి, వచ్చే నెలకి ప్రీపెయిడ్ అయిపోయిన
మీ పోస్ట్‌పెయిడ్ కస్టమర్