సున్నం చూసి భయపడుతున్నాం, లేని విటమిన్‌ని పట్టించుకోవడం లేదు

మొక్కజొన్న టోర్టిల్లాల (మెక్సికోవాళ్ల పల్చటి రొట్టెల) ప్యాకెట్ తిప్పి వెనక సన్న అక్షరాల్లో ఉన్నది చదివితే మొదట్లోనే మూడు మాటలు కనిపిస్తాయి: మాసా పిండి, నీళ్లు, లైమ్. ఆ మూడో మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. కొందరు నిమ్మరసం అనుకుని వదిలేస్తారు. అది నిమ్మ కాదు, సున్నం అని తెలిసినవాళ్లు మాత్రం గోడలకు కొట్టేదాన్ని తిండిలో కలపడం ఏంటని టెన్షన్ పడి ప్యాకెట్ పక్కన పెట్టేస్తారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ భయపడాల్సిన చోటు అది కాదు. ప్యాకెట్ మీద ఎక్కడా రాయని రెండు విషయాలు ఉన్నాయి, గింజకు పొలంలోనే పట్టిన బూజు ఒకటి, పిండిలో కలపకుండా వదిలేసిన విటమిన్ ఒకటి. మన ప్రశ్నలన్నీ వాటి మీద ఉండాలి.

ముందు సున్నం సంగతి తేల్చేద్దాం. మాసా పిండి అంటే మామూలు మొక్కజొన్న పిండి కాదు, గ్రేవీ చిక్కబడటానికి వాడే తెల్లటి కార్న్‌ఫ్లోర్ అసలే కాదు. ఎండు గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, గంటల తరబడి అందులోనే నాననిచ్చి, ఆ నీళ్లు వంపేసి, గింజల్ని బాగా కడిగి రుబ్బుతారు. ఆ ముద్ద మాసా. దాన్ని ఆరబెట్టి పొడి చేస్తే మాసా పిండి. మెక్సికో, మధ్య అమెరికా ప్రజలు వేల ఏళ్లుగా చేస్తున్న ఈ పనిని నిక్స్‌టమలైజేషన్ అంటారు. 1949లో మెక్సికోలో మొదలైన గ్రూమా కంపెనీ ఈ పిండిని ఫ్యాక్టరీలో తయారుచేసి ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టాక ఇది ప్రపంచమంతా తిరిగింది.

సున్నం ఏం చేస్తుందో చూడాలంటే రెండు గిన్నెలు చాలు. ఒకదాంట్లో మామూలు మొక్కజొన్న పిండి, ఇంకోదాంట్లో మాసా పిండి, రెండింట్లోనూ నీళ్లు పోసి కలిపి కాసేపు తడిగుడ్డ కప్పండి. మొదటి ముద్దను వత్తబోతే అంచులు పగిలి వేళ్ల మధ్య నుంచి రాలిపోతుంది. రెండోది మెత్తగా సాగి, గుండ్రంగా నిలబడి, పెనం మీదకి చెక్కుచెదరకుండా వస్తుంది. గింజ పొట్టులో గట్టిగా పట్టి ఉంచే పదార్థాన్ని సున్నం కరిగిస్తుంది, పిండిపదార్థం కొంత ఉబ్బుతుంది, అందుకే ఆ జిగురు. చిప్స్‌లో, టాకో షెల్స్ అనే కరకరలాడే మడత రొట్టెల్లో, డబ్బాల్లో అమ్మే చిల్లీ అనే కారం కూరలో, సూపుల్లో కంపెనీలు దీన్ని వాడేది కూడా ఈ గుణం కోసమే, దానికి తోడు ఆ ప్రత్యేకమైన వాసన కోసం. వాడేది ఆహారానికి పనికొచ్చే శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని సురక్షితమైన పదార్థాల్లో చేర్చింది, యూరప్‌లో అది ఈ526 అనే నంబరుతో అనుమతి ఉన్న పదార్థం. కడిగాక మిగిలేది కాస్త కాల్షియం, అది ఒంటికి మంచిదే.

నిజానికి సున్నం లేకపోతే ఏమవుతుందో చరిత్రలో చాలా బాధాకరంగా రుజువైంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది, కానీ అది మన పేగులు తీసుకోలేనట్టు బిగిసిపోయి ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. మొక్కజొన్న గింజ సముద్రాలు దాటింది గానీ సున్నంతో వండే పద్ధతి దాంతోపాటు వెళ్లలేదు. 1735లోనే స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు చర్మం ఎర్రబడి పొలుసులు కట్టే ఒక కొత్త జబ్బు గురించి రాశాడు, అదే తర్వాత పెలాగ్రా అయింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది పేదల్ని అది ఊడ్చేసింది. అంటువ్యాధి అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే అమెరికా వైద్యుడు 1914 నుంచి ఏళ్ల తరబడి పనిచేసి ఇది తిండి లోపమని చూపించినా చాలామంది ఒప్పుకోలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వీజెమ్ అనే శాస్త్రవేత్త ఆ లోపం నియాసిన్ అని కనిపెట్టేవరకు జనం చస్తూనే ఉన్నారు. అదే గింజని సున్నంతో వండుకుని తిన్నవాళ్లకి ఈ బాధ లేదు.

ఇక బూజు. పొలంలో మొక్కజొన్న కంకికి ఫ్యుజేరియం అనే బూజు పట్టి ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని వదులుతుంది. గింజ చూడటానికి బాగానే ఉండొచ్చు. సున్నం నీళ్లలో ఉడికించి కడిగేటప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది, అయితే ఎంత పోతుందనేది ఎంతసేపు ఉడికించారు, ఎంత బాగా కడిగారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. 1991లో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో ఒకే ఆసుపత్రిలో ఒకటిన్నర రోజుల్లో ముగ్గురు పిల్లలు మెదడు ఏర్పడకుండా పుట్టారు. అది మెక్సికో సరిహద్దు ప్రాంతం, అక్కడివాళ్ల రోజువారీ తిండి టోర్టిల్లా. తర్వాత జరిగిన పరిశోధనలో ఫ్యుమోనిసిన్ ఎక్కువగా ఒంట్లోకి వెళ్లిన తల్లుల పిల్లల్లో ఇలాంటి లోపాల రిస్క్ ఎక్కువగా కనిపించింది. ఫ్యుమోనిసినే కారణం అని అది తేల్చి చెప్పలేదు, కానీ ఈ విషం కణాలు ఫోలేట్ అనే బి విటమిన్‌ని (పిండిలో కలిపే దాని రూపమే ఫోలిక్ యాసిడ్) తీసుకోవడానికి అడ్డుపడుతుందని ప్రయోగశాలల్లో కనిపించింది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఎఫ్‌డీఏ 2001లో మాసా కోసం వాడే శుభ్రం చేసిన గింజలో ఫ్యుమోనిసిన్ పది లక్షల్లో 4 వంతులు దాటకూడదని చెప్పింది. అది సూచన మాత్రమే, చట్టం కాదు. పైగా అది గింజకు పెట్టిన హద్దు. యూరప్ పచ్చి గింజకి ఇంచుమించు అదే హద్దు పెట్టి, దాంతోపాటు మనం తినే మొక్కజొన్న చిప్స్ లాంటి వాటికి వేరుగా 0.8 అని ఇంకా గట్టి హద్దు పెట్టింది. తినేది గింజని కాదు కదా, ప్లేటులోకి వచ్చే వస్తువుకి పరీక్ష ఉండాలన్న యూరప్ పద్ధతే సరైనదని నా అభిప్రాయం.

విటమిన్ విషయం నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ ఏం చేయాలో అందరికీ తెలుసు. గర్భం వచ్చిన మొదటి 28 రోజుల్లోనే శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం మూసుకుపోవాలి. అప్పటికి చాలామంది ఆడవాళ్లకి తాము గర్భవతులమనే తెలియదు. ఆ సమయానికి ఒంట్లో ఫోలిక్ యాసిడ్ చాలినంత లేకపోతే గొట్టం సరిగా మూసుకోని ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లి మాత్రలు మొదలుపెట్టేసరికి ఆలస్యమైపోతుంది కాబట్టే రోజూ తినే తిండిలో కలపాలి అన్నారు. అమెరికాలో 1998 నుంచి ఎన్‌రిచ్డ్ (విటమిన్లు కలిపినది) అని అమ్మే గోధుమ పిండి, బ్రెడ్, బియ్యం, పాస్తాల్లో ఇది కలపడం తప్పనిసరి. మాసా పిండి ఆ జాబితాలో లేదు. లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాలు రోజూ తినే తిండి అది, వెన్నుపాము లోపాలు ఎక్కువగా కనిపిస్తున్నది కూడా ఆ తల్లుల పిల్లల్లోనే!

తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పనిచేసే మార్చ్ ఆఫ్ డైమ్స్, పిల్లల వైద్యుల సంఘం, గ్రూమా వంటివి కలిసి మాసా పిండిలోనూ ఫోలిక్ యాసిడ్ కలపనివ్వమని 2012లో ఎఫ్‌డీఏకి అర్జీ పెట్టాయి. క్షారగుణం ఉన్న పిండిలో విటమిన్ నిలుస్తుందా లేదా అన్న పరీక్షలన్నీ అయ్యి అనుమతి వచ్చేసరికి 2016 ఏప్రిల్. పౌండు పిండికి 0.7 మిల్లీగ్రాములు, అంటే 100 గ్రాములకి దాదాపు 154 మైక్రోగ్రాములు వరకు కలపొచ్చు. కలపొచ్చు అన్నారు, కలపాలి అనలేదు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా షాపుల్లోని చాలా పిండి ప్యాకెట్లలో అది లేదు. చివరికి కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి, 2026 జనవరి 1 నుంచి తమ రాష్ట్రంలో అమ్మే మాసా పిండిలో తప్పనిసరి చేసింది.

దీన్ని వ్యతిరేకించేవాళ్ల వాదన కూడా విన్నాను. ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే బి12 లోపం బయటపడదు అంటారు. అది నిజమైన వైద్య సమస్యే, కాదనను, కానీ పెద్దవాళ్లకి ఫోలిక్ యాసిడ్ హద్దు రోజుకి 1000 మైక్రోగ్రాములు. 50 గ్రాముల పిండితో చేసిన టోర్టిల్లాలు తింటే వచ్చేది 77 మైక్రోగ్రాములు, గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్లకి కావలసిన 400లో అయిదో వంతు కూడా కాదు. తరతరాల తిండిలో కెమికల్ ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఆ తరతరాలవాళ్లే గింజలో బిగిసిపోయిన మేలుని సున్నం కలిపి తెచ్చుకున్నారని వాళ్లకి గుర్తుచేయాలనిపిస్తుంది.

జన్యుమార్పిడి గొడవ గురించి రెండు మాటలు. 2000లో పశువుల దాణాకి మాత్రమే అనుమతి ఉన్న స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మొక్కజొన్న టాకో షెల్స్‌లో దొరికి వందల రకాల సరుకులు వెనక్కి తీసుకున్నారు. అలర్జీ వచ్చిందన్నవాళ్ల రక్తాన్ని పరీక్షిస్తే దానివల్ల అలర్జీ అన్న ఆధారం దొరకలేదు. ఆరోగ్యం సంగతి అలా తేలినా, దాణా గింజ మనుషుల పిండిలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం నాకు ఇప్పటికీ పెద్దదే. గ్లూటెన్ పడనివాళ్లకి మాసా మంచి ఆసరా, కాకపోతే గోధుమ ఆడించే మిల్లులోనే దీన్నీ ఆడిస్తే లాభం లేదు, ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఇంకోటి, పిండి ఒకసారి ఉడికిందే కదా అని పచ్చి ముద్ద నోట్లో వేసుకోవద్దు.

ఈసారి ప్యాకెట్ చేతికి తీసుకున్నప్పుడు లైమ్ అన్న మాట దాటి ఇంకొంచెం కిందికి చదవండి. ఫోలిక్ యాసిడ్ అని ఉందేమో వెతకండి, లేకపోతే కంపెనీకి రాసి ఎందుకు లేదని అడగండి. కొన్ని వారాల్లో బిడ్డ వెన్నుపాము ఏర్పడబోతున్న ఒక తల్లి ఈ రాత్రి అదే పిండితో భోజనం చేస్తూ ఉండొచ్చు, ఆమె ఏ రాష్ట్రంలో ఉందన్నదాన్ని బట్టి ఆ పిండిలో విటమిన్ ఉండటమో లేకపోవడమో జరుగుతోంది.