నవంబరులో వచ్చే క్రిస్మస్

ఉత్తర వేల్స్‌లోని లాండిడ్నో పట్టణంలో కొన్ని హోటళ్లకు నవంబరులోనే క్రిస్మస్ వస్తుంది. సోమవారం సాయంత్రం అతిథులు బస్సు దిగేసరికి అది పండుగ ముందురోజు. మంగళవారం క్రిస్మస్, బుధవారం బాక్సింగ్ డే అనే మర్నాటి సెలవు, గురువారం రాత్రి పాత సంవత్సరానికి వీడ్కోలు, శుక్రవారం ఉదయం ఫలహారం కాగానే తిరుగు ప్రయాణం. ఐదు రోజుల్లో పండుగ రోజులన్నిటినీ జరిపించే ఈ యాత్రలకు బ్రిటన్‌లో ‘టర్కీ అండ్ టిన్సెల్’ అని పేరు. టర్కీ అంటే అక్కడ క్రిస్మస్ భోజనానికి కాల్చి వండే పెద్ద పక్షి, టిన్సెల్ అంటే చెట్టుకు చుట్టే జరీ తోరణం. డిసెంబర్ 25ను కూడా కలుపుకొని అసలు పండుగకే నడిపే యాత్రలు వేరే ఉన్నాయి. వాటి ధర ఎక్కువ. రెండింటికీ వాహనం ఒకటే: పర్యాటకుల కోసం నడిపే, అక్కడివాళ్లు కోచ్ అని పిలిచే దూరప్రయాణపు బస్సు. వెళ్లేవారిలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు.

ఈ ఏర్పాటును పాతకాలపు మోటు సరదాగా కొట్టిపారేసేవారు బ్రిటన్‌లోనే చాలామంది ఉన్నారు. నా అభిప్రాయం అది కాదు. చలికాలంలో సముద్రతీరానికి వెళ్లే ఈ బస్సు రెండు ఒంటరితనాలను ఒకచోట కలుపుతోంది: పండుగ పూట పలకరించేవారు లేని మనిషిది ఒకటి, వేసవి కోసం కట్టి శీతాకాలంలో ఖాళీగా మిగిలే ఊరిది మరొకటి. దాన్ని ఒట్టి వినోద వ్యాపారంగానే చూస్తున్నందువల్ల, అది ఎవరికి అందాలో సరిగ్గా వారికే భారమయ్యే ఒక లోపం ఏళ్ల తరబడి సరిదిద్దేవారు లేక అలాగే ఉండిపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఊరి సంగతి. లాండిడ్నో తనంత తానుగా పెరిగిన ఊరు కాదు. 19వ శతాబ్దం నడుమ మోస్టిన్ కుటుంబం తన భూముల్లో, గ్రేట్ ఓర్మ్, లిటిల్ ఓర్మ్ అనే రెండు కొండల మధ్య అర్ధచంద్రాకారపు ఒడ్డున పథకం ప్రకారం కట్టించిన విహార పట్టణం. 1858లో రైలు వచ్చింది, 1877లో సముద్రంలోకి చొచ్చుకుపోయే వంతెన లాంటి పియర్ తెరుచుకుంది, 1902లో కొండ మీదికి ట్రాము నడిచింది. ఇంగ్లండ్ తీరాన బ్లాక్‌పూల్‌ది ఇంకా పెద్ద కథ. 1846లో రైలు చేరాక లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులు ‘వేక్స్ వీక్’ అనే సెలవు వారంలో ఊళ్లకు ఊళ్లే అక్కడికి తరలివెళ్లేవారు. ఒక పట్టణపు మిల్లులన్నీ ఒక వారం, పక్క పట్టణపు మిల్లులు మరో వారం మూతపడేవి కాబట్టి వేసవి పొడవునా తీరం నిండుగా ఉండేది. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చాక ఆ అలవాటు మరింత బలపడింది.

1960లు, 70లలో చౌక విమాన ప్రయాణాలు ఆ కుటుంబాలను స్పెయిన్ ఎండలోకి తీసుకుపోయాయి. తీరంలో గదులు మిగిలాయి, మనుషులు తగ్గారు. సముద్రతీర పట్టణాల పునరుద్ధరణపై బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2019లో నివేదిక ఇచ్చింది. తీరప్రాంత ప్రజల ఆరోగ్యం మిగతా ప్రాంతాల కంటే ఎంత అధ్వానంగా ఉందో ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ 2021లో తన వార్షిక నివేదికనంతా కేటాయించి చెప్పారు. వేసవి జీతాలతో ఏడాదంతా బతకవలసిన ఊళ్ల పరిస్థితి అది.

ఇక్కడే కోచ్ యాత్ర లెక్క అర్థమవుతుంది. అక్టోబరు చివరికి గ్రేట్ ఓర్మ్ ట్రాము ఆగిపోతుంది. ఈస్టర్ దాకా సముద్రానికి ఎదురుగా ఉన్న గదులను వెతుక్కుంటూ వచ్చేవారు తక్కువ. పాతకాలపు పెద్ద భవనాన్ని వెచ్చగా ఉంచే ఖర్చు మాత్రం అతిథి ఉన్నా లేకపోయినా తప్పదు. అలాంటప్పుడు ఒక బస్సు సంస్థ నలభై యాభై మందిని ఒకేసారి తెచ్చి, అందరూ ఒకే నాలుగు రాత్రులు ఉంటారని, పొద్దున ఫలహారం, రాత్రి భోజనం హోటల్‌లోనే చేస్తారని నెలల ముందే ఒప్పుకుంటే, వంటగదికి ఎన్ని పళ్లేలు కావాలో తెలుస్తుంది, పనివారికి ఎన్ని పూటల పని ఉందో తెలుస్తుంది. రోజుకో లెక్కన వచ్చిపోయే అతిథుల మీద ఆధారపడితే నవంబరులో తలుపు మూసుకోక తప్పని హోటల్ ఆ ఒప్పందంతో తెరిచి ఉంటుంది. ధర తక్కువగా ఉండడానికి కారణం ఆ ముందస్తు నిశ్చయమే తప్ప ఎవరి దయా కాదు.

ఈ అతిథులు ఊళ్లో పెద్దగా ఖర్చు పెట్టరని, అన్నీ ప్యాకేజీలోనే ఉండటం వల్ల బయటి దుకాణాలకు లాభం లేదని ఒక విమర్శ ఉంది. అందులో కొంత నిజముంది. అయితే దాన్ని వేసవి ఖర్చుతో పోల్చి చూడటం సరికాదు. నవంబరు బుధవారం నాడు టీ కొట్టులో కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్లకు ప్రత్యామ్నాయం ఎక్కువ ఖర్చు పెట్టే మరో ఇద్దరు కాదు, రెండు ఖాళీ కుర్చీలు. ఊరు ఈ బస్సులకు ఒడ్డుకు దగ్గరగా ఆగే చోటు ఇస్తుందా, దూరంగా నెట్టేస్తుందా అన్నది చిన్న విషయంలా కనిపించవచ్చు. చేతికర్రతో నడిచే ప్రయాణికుడికి నాలుగు వందల మీటర్ల దూరమంటే ఆ ఊరికి మళ్లీ రావాలా వద్దా అన్న ప్రశ్న.

ఇప్పుడు మనిషి సంగతి. డిసెంబర్ 25న బ్రిటన్‌లో రైళ్లు నడవవు. లండన్‌లో భూగర్భ రైళ్లూ బస్సులూ ఆగిపోతాయి. 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు ఆ రోజు తెరవకూడదని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి చట్టం ఉంది. సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడుతుంది. పండుగ రోజున పనివారికి విశ్రాంతి ఇవ్వాలన్న ఆలోచన మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ విశ్రాంతి అంతా ప్రతి మనిషికీ వెళ్లడానికి ఒక ఇల్లు, తీసుకెళ్లడానికి ఒక కారు ఉన్నాయన్న నమ్మకం మీద నిలబడి ఉంది. భర్త పోయి, పిల్లలు ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో స్థిరపడి, చూపు మందగించి కారు నడపడం మానేసిన ఎనభై ఏళ్ల స్త్రీకి ఆ రోజు అన్ని దారులూ మూసుకుపోతాయి. హత్యకు గురైన పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ పేరిట పనిచేసిన కమిషన్ సిఫార్సుల తర్వాత, 2018 జనవరిలో బ్రిటన్ ఒంటరితనం అనే సమస్యకు ప్రత్యేకంగా ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది. సమస్య ఉందని రాజ్యమే ఒప్పుకున్నాక, దానికి బజారులో ఇప్పటికే దొరుకుతున్న ఒక మందును పట్టించుకోకపోవడం నాకు అర్థం కాని విషయం.

ఆ మందు ఎలా పనిచేస్తుందో చూడాలంటే ప్రయాణం మొదటి గంటనుంచే చూడాలి. బస్సు ప్రయాణికుడి ఊరికే వస్తుంది. కొన్ని సంస్థలైతే ఇంటి గుమ్మం దగ్గరికే చిన్న బండి పంపుతాయి. చిన్న బస్సులు అందరినీ ఒక కూడలికి చేర్చితే, అక్కడ ఎవరి ఊరికి వెళ్లే కోచ్ వాళ్లు ఎక్కుతారు. పెట్టెను డ్రైవరే లోపల పెడతాడు, హోటల్ దగ్గర పనివారు గదికి చేరుస్తారు. డెబ్బై దాటినవారికి ప్రయాణంలో దూరం కంటే పెట్టె పెద్ద అడ్డంకి అని, రైలు మారే చోట మెట్లు దిగిన ఎవరికైనా తెలుస్తుంది. నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవర్ 45 నిమిషాలు ఆగాలన్న నిబంధన ఉంది. మోటార్‌వే పక్కన ఆగే ఆ విరామాల్లోనే పక్కసీటు మనిషితో మొదటి టీ తాగుతారు, పేర్లు తెలుస్తాయి. మాంచెస్టర్ నుంచి లాండిడ్నోకు 130 కిలోమీటర్లే అయినా, పికప్‌లతో కలిపి సగం రోజు పట్టే ఆ నెమ్మదిలో గమ్యం చేరేసరికి అపరిచితుల గుంపు కాస్తా ఒక బృందమవుతుంది. మన దగ్గర కార్తీక మాసంలో ఆర్టీసీ వేసే పంచారామ యాత్రలో అమరావతి నుంచి సామర్లకోట దాకా తిరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గుళ్లు, సముద్రం వేరైనా బస్సు చేసే పని ఒకటే.

హోటల్‌లో పండుగ రోజు అంటే ఇదీ వరస. పొద్దున కావాలనుకున్నవారు చర్చికి వెళతారు. మధ్యాహ్నం టర్కీ, కాల్చిన బంగాళాదుంపలు, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, చివర్లో క్రిస్మస్ పుడ్డింగ్. అసలు డిసెంబర్ 25న అయితే మూడు గంటలకు రాజుగారి ప్రసంగం. 1932లో ఐదో జార్జ్ రేడియోలో మొదలుపెట్టిన ఆ ఆనవాయితీ 1957 నుంచి టీవీలో కూడా సాగుతోంది. మిగతా రోజుల్లో దగ్గర్లోని కాన్వీ కోటకో, చెస్టర్ క్రిస్మస్ సంతకో విహారం. సాయంత్రం బింగో, పాతపాటలు, నృత్యం. భోజనాల బల్ల మీద ప్రతి పళ్లెం పక్కనా ఒక క్రాకర్ ఉంటుంది. 1840లలో లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ తయారుచేసిన ఈ కాగితపు గొట్టాన్ని రెండు కొసలు పట్టి లాగితే చిన్న చప్పుడుతో చీలి, లోపలినుంచి కాగితపు కిరీటం, ఒక చీటీ రాలతాయి. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే: దాన్ని లాగడానికి ఇద్దరు కావాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి టర్కీ ముక్క వండుకోగలదు, టీవీలో ప్రసంగం వినగలదు, క్రాకర్ మాత్రం లాగలేదు.

నవంబరు క్రిస్మస్ నకిలీ కదా అనే ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. తేదీ నిజమైనంత మాత్రాన పండుగ జరగదు. ఎదురుగా రెండో కొస పట్టుకునే చేయి ఉన్నప్పుడు జరుగుతుంది. పైగా ముందే జరుపుకోవడంలో ఒక వివేకం ఉంది. అసలు పండుగకు కొడుకు ఇంటికి వెళ్లేవారు కూడా తమ వయసువారితో, తమ పాటలతో ఒక పండుగ కావాలని ఇక్కడికి వస్తారు. వెళ్లేచోటు లేనివారికి, డిసెంబర్ 25న నిశ్శబ్దంగా గడిచే ఇల్లు అంత బరువుగా ఉండదు. వారి పండుగ అప్పటికే అయిపోయింది. పనివారి వైపు నుంచి కూడా నవంబరే మేలు. అసలు పండుగ నాడు హోటల్ నడవాలంటే వండేవారు, వడ్డించేవారు తమ ఇంటి భోజనం వదులుకోవాలి.

ఇంత నమ్మకం పెట్టుకున్న ఏర్పాటు ఎంత బలహీనమైనదో 2020 చెప్పింది. 1903 నుంచి మూలాలున్న షియరింగ్స్, 2005లో లీడ్స్‌కు చెందిన వాలెస్ ఆర్నాల్డ్ అనే మరో కోచ్ సంస్థను కలుపుకొని ఈ రంగంలో అతిపెద్దదిగా నిలిచిన సంస్థ. కోవిడ్ మొదటి లాక్‌డౌన్ మధ్యలో, మే 22న దాని మాతృసంస్థ కుప్పకూలింది. సుమారు 2,500 మంది ఉద్యోగాలు పోయాయి, 64,000కు పైగా బుకింగులు రద్దయ్యాయి. పేరును తర్వాత లెజర్ సంస్థ కొని నిలబెట్టింది. ఆ మార్చిలోనే మనుషులు లేని లాండిడ్నో వీధుల్లోకి గ్రేట్ ఓర్మ్ కొండ మీది కశ్మీరీ జాతి మేకలు దిగివచ్చి, పెరటి కంచెల ఆకులు మేస్తున్న దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. చూసినవారికి ముచ్చటగానే ఉండవచ్చు, అతిథుల మీదే బతికే ఊరికి మాత్రం ఆ ఖాళీ వీధి భయపెట్టే దృశ్యం.

ఇక నేను ముందు చెప్పిన లోపం. ప్రకటనల్లో కనిపించే ధర, గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్క మీద ఒక్కొక్కరికి వేసింది. ఒక్కరే వస్తే రాత్రికి ఇంతని అదనంగా కట్టాలి. దాన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. హోటల్ వైపు నుంచి దానికి కారణం లేకపోలేదు. పాత భవనాల్లో ఒక్కరికి సరిపడే గదులు తక్కువ, ఇద్దరి గదిని ఒకరికిస్తే ఆదాయం సగమవుతుంది. వేసవిలో, ప్రతి గదికీ ఇద్దరు ఎదురుచూస్తున్నప్పుడు ఆ వాదన నిలుస్తుంది. సగం గదులు ఖాళీగా ఉండే నవంబరులో నిలవదు. అక్కడ ఒంటరి అతిథి ఎవరి చోటునూ ఆక్రమించడం లేదు. నిరుడు భర్తతో కలిసి వచ్చిన స్త్రీ ఈ ఏడాది ఒక్కతే అదే హోటల్‌కు ఫోన్ చేస్తే, అదే గదికి తన ఒక్కదాని వాటా కంటే ఎక్కువ చెప్పాల్సి రావడం ఫోనుకు అవతలున్న ఉద్యోగికి కూడా కష్టమైన మాటే అయి ఉంటుంది.

కొన్ని సంస్థలు కొన్ని తేదీల్లో, కొద్ది గదులకు ఈ అదనపు రుసుము ఎత్తివేస్తున్నాయి. డిసెంబర్ మొదటి వారం దాకా నడిచే యాత్రలన్నిటికీ దాన్ని పూర్తిగా ఎత్తివేయడం హోటళ్లు చేయగల పని. అసలు క్రిస్మస్ యాత్రల విషయంలో, గదులు నిజంగానే నిండుతాయి కాబట్టి, ఆ భారం ప్రజాధనం కొంత మోయాలని నా వాదన. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవా సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ 2019 నుంచి డాక్టర్ల క్లినిక్కుల్లో లింక్ వర్కర్లు అనే ఉద్యోగులను పెంచుతూ వచ్చింది. మందులతో తీరని ఒంటరితనం లాంటి బాధలతో వచ్చేవారిని తోటపని బృందాలకో, పాటల బృందాలకో పరిచయం చేయడం వారి పని. ఆ జాబితాలో సోమవారం బయల్దేరే కోచ్ కూడా ఉండాలి. నాలుగు రాత్రుల సప్లిమెంట్ అంత చిన్న మొత్తాన్ని స్థానిక సంస్థ భరించగలదు. ఆ సాయానికి దరఖాస్తు నింపే పని సెప్టెంబరులోనే కావాలి, ఎందుకంటే ముందు వరుస సీట్లు, లిఫ్టుకు దగ్గరి గదులు అప్పటికే పోతుంటాయి.