పిల్లి చాప్టరులో పిల్లవాడు

మా మేనకోడలు టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుతోంది. చదువుతోంది అనడం మర్యాదకి, నిజానికి బిట్లు కొడుతోంది. మొన్న ఆదివారం భోంచేసి నడుం వాల్చబోతున్న నన్ను లేపి, దిండులా బలిసిన బిట్ బ్యాంకు ఒకటి చేతిలో పెట్టి, "అడుగు మామయ్యా" అంది.

"కౌమారదశను ఒత్తిడి, ఒడిదుడుకుల దశ అన్నది..."

"స్టాన్లీ హాల్!"

'ఎవరు' అనే మాట ఇంకా నా నోట్లోనే ఉంది. ఇంత వేగం చూసి ముచ్చటేసి, "ఎందుకన్నాడమ్మా?" అన్నాను.

పాపం, జాలిగా చూసింది. "ఎందుకు అని అడగరు మామయ్యా. ఎవరు అనే అడుగుతారు."

ఇక నాకు నిద్ర పట్టలేదు. ఆ మధ్యాహ్నమే కాదు, ఈ వారమంతా.

స్టాన్లీ హాల్ 1904లో కౌమారం మీద రెండు సంపుటాలు రాశాడు. వెయ్యి పేజీలు దాటిన రాత. దాన్ని మనవాళ్లు కాచి, వడబోసి, మరగబెట్టి ఒక్క బిట్ చేశారు. దానికి ముందు దాటాల్సిన అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకి 30 మార్కులు శిశు వికాసానివే. పిల్లల మనసు తెలియనివాడు బడి గడప తొక్కకూడదని ఇంత కట్టుదిట్టం. తెలిసిందో లేదో తేల్చడానికి పిల్లల్ని చూపిస్తారా అంటే చూపించరు, నాలుగు ఆప్షన్లు చూపిస్తారు. మా అమ్మాయికి మోడల్ టెస్టులో 30కి 27 వచ్చాయి. ఆ లెక్కన పిల్లల మనసులో ఆమెకి తెలియనిది పది శాతమే.

ఆ పుస్తకం తిరగేస్తే ఇంకో సంగతి తేలింది. అందులో పిల్లలకంటే జంతువులు ఎక్కువ. పావ్లోవ్ కుక్క గంట వినగానే చొంగ కారుస్తుంది. స్కిన్నర్ ఎలుక మీట నొక్కుతుంది. థార్న్‌డైక్ పిల్లి పెట్టెలో గింజుకుని గింజుకుని గడియ తీసి చేప తింటుంది. కోహ్లర్ చింపాంజీ రెండు కర్రలు ఒకదాంట్లో ఒకటి దూర్చి అరటిపండు లాక్కుంటుంది. దానికి సుల్తాన్ అని పేరు కూడా ఉంది. పుస్తకం మొత్తం మీద పేరున్న విద్యార్థి అదొక్కటే. ఈ అధ్యాయం మన బడుల మీద ప్రభావం చూపలేదని ఎవరూ అనకూడదు. తటాలున దారి తట్టే ఆ అంతర్దృష్టి, అరటిపండు వదిలేసి కర్రని మాత్రం మనవాళ్లు భద్రంగా తెచ్చుకున్నారు.

ఆ తర్వాత పియాజే. పన్నెండేళ్లు వస్తే పిల్లవాడు అమూర్త ప్రచాలక దశలోకి అడుగుపెడతాడట. ఈ మాట అర్థం కావాలంటే ఆ దశ దాటి చాలా దూరం వెళ్లి ఉండాలి. నేనింకా చేరలేదు.

సరే, అసలు కథ.

మా అమ్మాయి ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని ఒక ప్రైవేటు బళ్లో చెబుతోంది. ఏ బడి, ఏ ఊరు అని అడక్కండి. మీ వీధి చివరిదే అనుకోండి, ఏమీ తేడా రాదు. అక్కడ పోయిన నెలలో ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు జుట్టు కత్తిరించుకొచ్చాడు. రెండు పక్కలా పూర్తిగా దించి, పైన మాత్రం కొత్తిమీర కట్టలా ఉంచే కటింగు. మంగలి షాపులో గోడ మీద బొమ్మ చూపించి, ఇంట్లో వాళ్లతో నాలుగు తిట్లు తిని, ఎలాగో సోమవారం దాకా కాపాడుకున్నాడు. సోమవారం ప్రార్థనలో దొరికిపోయాడు.

కరస్పాండెంటు గారు మైకు అందుకున్నారు. దేశభక్తి, క్రమశిక్షణ, తన చిన్నప్పటి గోడకుర్చీ, కోదండం, తనని తొడపాశం పెట్టిన మాస్టారి మహిమ, అన్నీ వరసగా చెప్పారు. ఎండ ఎక్కుతోంది. రెండో తరగతి పిల్ల ఒకతె కళ్లు తిరిగి కూచుండిపోయింది, అది క్రమశిక్షణ కిందకి రాదు కనక ఎవరూ చూడలేదు. "వీడి జుట్టుకి ఇప్పుడేం చేద్దాం?" అని ఆరువందల మందిని అడిగారు. ప్రజాస్వామ్యం. "కత్తిరించాలి సార్" అని ఎల్‌కేజీ నుంచి కూడా గొంతులు వచ్చాయి. పీఈటీ సారు క్రాఫ్టు డబ్బాలోంచి కత్తెర తెచ్చారు. అది చార్టులు కత్తిరించే కత్తెర. మొండిది. జుట్టు తెగదు, వదలదు. సోషల్ సారు సాయానికొచ్చి పిల్లవాడి చెవులు పట్టుకున్నారు. ఇద్దరు పట్టభద్రులు, తలా ఒక బీఎడ్, పది నిమిషాలు పాటుపడి నడినెత్తిన నుదుటి నుంచి మెడదాకా నాగేటిచాలు ఒకటి దున్నారు. చప్పట్లు కొట్టమన్నారు. కొట్టారు. ఆపైన జాతీయగీతం.

మా అమ్మాయి చెబుతోంది: సోషల్ సారుకి సైకాలజీ అంటే ప్రాణమట. స్టాఫ్ రూములో ఎవరికి ఏ బిట్ అనుమానమొచ్చినా ఆయన్నే అడుగుతారట.

డేవిడ్ ఎల్కిండ్ అని ఒకాయన 1967లో ఒక మాట చెప్పాడు. ఈ వయసు పిల్లలకి లోకమంతా తమనే చూస్తోందని అనిపిస్తుందట. మొహం మీద ఒక మొటిమ లేస్తే ఊరంతా దాన్ని గురించే మాట్లాడుకుంటోందని నమ్ముతారట. దీనికి ఊహాజనిత ప్రేక్షకులు అని పేరు పెట్టాడు. ఆ ప్రేక్షకులు నిజానికి లేరని మెల్లగా తెలిసొచ్చేలా పెద్దవాళ్లు తోడుండాలని ఎవరికైనా తోస్తుంది. మన బడికి అంత ఓపిక లేదు. ఊహించుకునే శ్రమ పిల్లవాడికెందుకని ఆరువందల మంది అసలు ప్రేక్షకుల్నే వరసల్లో నిలబెట్టింది.

"నువ్వేం చేశావమ్మా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "మా క్లాసు వరస సరిచేశాను మామయ్యా" అంది.

నైతిక వికాసానికి కోల్‌బర్గ్ ఆరు మెట్లు చెప్పాడు. మొట్టమొదటి మెట్టు మీద ఉన్నవాడికి మంచీ చెడూ అక్కర్లేదు, దెబ్బ పడుతుందా లేదా అన్నదే లెక్క. చిన్నపిల్లల మెట్టు అది. మండల విద్యాధికారి ఎంఈఓ గారి జీపు గేటు దగ్గర ఆగిందని తెలియగానే బెత్తాలు బీరువా వెనక్కి పోయే వేగం చూస్తే, ఆ మెట్టు మీద ఎవరు నిలబడ్డారో కోల్‌బర్గ్ వచ్చి చెప్పనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. అది కూడా మా అమ్మాయికి కంఠతా వచ్చు. సోషల్ సారుకీ వచ్చు.

మన పెద్దలేమన్నా తక్కువ తిన్నారా అంటే, లేదు. "లాలయేత్ పంచవర్షాణి, దశవర్షాణి తాడయేత్" అని శ్లోకం. మన ఊళ్లలో ఏ మాస్టారిని కదిపినా ఈ సగం వరకూ గణగణ చదువుతారు. అక్కడ దగ్గొస్తుంది. రెండో సగం, "ప్రాప్తే తు షోడశే వర్షే పుత్రం మిత్రవదాచరేత్". పదహారు వచ్చాయా, ఇక స్నేహితుడిలా చూడు. పదహారంటే సరిగ్గా ఇంటర్ ఫస్టియర్. ఆ ఏడాదే మనం స్నేహితుణ్ణి తీసుకెళ్లి, కిటికీలకి ఇనప గ్రిల్లున్న హాస్టల్లో దింపి, ట్రంకుపెట్టె మీద పేరు రాయించి, వార్డెన్‌కి దండం పెట్టి వస్తాం. నెలకో ఔటింగు. ఆడపిల్లలకో మెట్లదారి, మగపిల్లలకో మెట్లదారి. తెల్లారుజామున నాలుగున్నరకి ఈల.

ఈ ఈల గురించి ఒక్క మాట. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అందుకే పదకొండైనా కళ్లు మూతపడవు, ఏడైనా తెరుచుకోవు. అది బద్ధకం కాదు, ఒంటి గడియారం. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లో బడి 8.30 కంటే ముందు మొదలుపెట్టొద్దంది. కాలిఫోర్నియాలో హైస్కూళ్లకి 2022 నుంచి అది చట్టం. మనవాళ్లు ఆ 8.30కి అప్పటికే రెండు స్టడీ అవర్లు, ఒక స్లిప్ టెస్టు, కెమిస్ట్రీ సారు చేతిలో ఒక విడత తిట్లు ముగించి, పిల్లవాడికి ఇడ్లీ పెడతారు. ఆ తర్వాత క్లాసులో కునికిపాట్లు పడితే ఇంటికి ఫోను: మీవాడికి కాన్‌సన్‌ట్రేషన్ లేదండీ.

ఇంతవరకూ నవ్వుతూ రాద్దామనే అనుకున్నాను.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్. తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా వేశారు. పరీక్ష రాసినవాళ్లకి గైర్హాజరని వేశారు. ఆ తర్వాతి కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఫెయిలైన వాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసని తేలింది. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గరా, టీవీలోనూ, మా ఇంటి వసారాలోనూ నేను విన్నది ఒకటే మాట: ఈ కాలం పిల్లలకి తట్టుకునే శక్తి లేదండీ.

ఎవడికి లేదయ్యా? మార్కులు కూడటం చేతకాని యంత్రాంగానిది బలహీనత కాదు గానీ, ఆ ఫలితాన్ని పదిహేడేళ్లకి గుండె మీద పెట్టుకుని మొయ్యలేకపోవడం బలహీనతా? సున్నా వేసినవాడు మర్నాడు ఆఫీసుకెళ్లి సంతకం పెట్టాడు. పిల్లలు పోయిన ఇళ్లలో అమ్మానాన్నలు ఇప్పటికీ హాల్ టికెట్ దాచుకుని ఉంటారు. సమోవా దీవుల ఆడపిల్లల్ని చూసొచ్చి, ఈ వయసు తుఫాను అన్నిచోట్లా ఒకలా ఉండదని, పెంపకాన్ని బట్టి ఉంటుందని మార్గరెట్ మీడ్ 1928లో చెబితే, తర్వాత పండితులు ఆమెని తప్పుపట్టారు. పట్టనివ్వండి. ఆమె సమోవాకి కాకుండా ఫలితాల రోజున మన హాస్టల్ కారిడార్‌కి వచ్చి ఉంటే వాదనే ఉండేది కాదు. ఇక్కడి తుఫానుకి అల్పపీడనం పిల్లల ఒంట్లో పుట్టలేదు. మన ర్యాంకుల ఫ్లెక్సీల మీద పుట్టింది.

కమిటీలు వెయ్యలేదా, వేశారు. కాలేజీ పిల్లల చావుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ ఉంది. అప్పుడు ఇంటర్ చదివినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కొచ్చారు.

విశాఖలో నీట్ కోచింగుకి వచ్చి చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమందో, అంతకు మించో పిల్లలున్న చోట అర్హతున్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు. నలుగురిలో అవమానించొద్దు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. నేను ఇది చదివి వినిపిస్తుంటే మా అమ్మాయి కళ్లు మెరిశాయి. పెన్ను అందుకుంది.

"మంచి బిట్ మామయ్యా! ఎంతమందికి ఒక కౌన్సెలర్? ఆప్షన్లు 50, 100, 200, 500."

పుస్తకం మూసేశాను. "ఆ అబ్బాయి మళ్లీ బడికొచ్చాడా?"

"మర్నాడే వచ్చాడు. గుండు కొట్టించుకుని."

"పాపం."

"వాడొక్కడే కాదు. వాడి వెనక బెంచీ వాళ్లు ముగ్గురు కూడా గుండుతో వచ్చారు. నలుగురూ పక్కపక్కన ప్రార్థనలో నిలబడ్డారు. నిబంధనల్లో గుండు తప్పని లేదు కదా. కరస్పాండెంటు గారు మైకు పట్టుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండానే లోపలికి వెళ్లిపోయారు. సోషల్ సారు మాత్రం స్టాఫ్ రూములో, ఇది ముఠా దశ అన్నారు."

"అంతేగా మరి."

"కాదు మామయ్యా," అంది మేనకోడలు, కొంచెం చిరాగ్గా. "ముఠా దశంటే ఉత్తర బాల్యం, పన్నెండేళ్ల లోపు. వీళ్లు తొమ్మిదో తరగతి. ఆప్షన్ కుదరట్లేదు."